మేకల వైపు

మా ఉద్దానంలో ఎవరికి ఒంట్లో బాగాలేకపోయినా ముందు కొబ్బరి బొండాం కొడతారు. డాక్టరు దగ్గరికి ఆ తర్వాతే. జ్వరమొచ్చినా బొండామే, ఎండదెబ్బ తగిలినా బొండామే, తిండి సయించకపోయినా బొండామే. రోగిని చూడ్డానికి వెళ్ళేవాళ్ళు చేతులూపుకుంటూ వెళ్ళరు, బొండాం ఒకటి పట్టుకునే వెళ్తారు. మంచి అలవాటే అని మీకనిపించవచ్చు. నాకు మాత్రం ఇప్పటికీ పలాస బస్టాండు దగ్గర బొండాల బండి కనబడితే ఒళ్ళు మండుతుంది. అమ్మేవాడు ఏం పాపం చేశాడులే అని సర్దిచెప్పుకుని అటు తిరిగి నడిచిపోతాను.

మా అమ్మ సంగతి చెప్పాలంటే బొండాం కంటే ముందు ఒక గోడ గురించి చెప్పాలి.

తొంభైల చివర్లో, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, పెద్ద తుఫాను వచ్చింది. మధ్యాహ్నానికే ఆకాశం నల్లబడిపోయింది. సముద్రం హోరు ఎప్పుడూ లేనిది మా ఇంట్లోకి వినబడింది. నాన్న ఆవు పలుపు విప్పడానికి పెరట్లోకి వెళ్ళాడు. అమ్మా నేనూ మట్టిగోడకి ఆనుకుని కూర్చున్నాం. కాసేపటికి గోడ కదలడం నా వీపుకి తెలిసింది. అమ్మ నన్ను కిందికి తోసి మీద పడుకుంది. గోడ కూలిన చప్పుడు విన్నాం గానీ మా మీద పడింది వాన ఒక్కటే. కళ్ళు తెరిస్తే గోడ ఉండాల్సిన చోట పెరడు కనబడుతోంది. గోడ బయటకి పడింది.

పక్కింటి గోడ లోపలికి పడింది. ఆ ఇంటి ముసలాయన దాని కింద పోయాడు. ఆయన భార్య అమ్మకి వరసకి అత్త అవుతుంది, నేను మామ్మ అనేదాన్ని. నాన్నే మట్టి తవ్వి ఆయన్ని బయటకి తీశాడు. ఆ సాయంత్రం అమ్మ ఒకసారి నా తల తడుముతూ, ఒకసారి మామ్మ ఏడుపు వింటూ, ఏం చెయ్యాలో తెలియని మనిషిలా రెండిళ్ళ మధ్యా తిరిగింది.

తోటలు చూస్తే ఇంకా దుఃఖం. కొబ్బరి చెట్లు అన్నీ ఒకే దిక్కుకి తలపెట్టి పడుకున్నాయి. జీడి చెట్లు వేళ్ళు పైకి తేలి ఎండకి ఎండిపోయాయి. మళ్ళీ మొక్క పెట్టి అది కాపుకొచ్చేదాకా మనుషులు ఏం తిని బతకాలి? మా నుయ్యి చుట్టూ ఉన్న కాసిని కొబ్బరి చెట్లు మాత్రం ఎలాగో నిలబడ్డాయి. తర్వాత్తర్వాత అమ్మకి అదీ దేవుడి గుర్తులాగే తోచింది.

నందిగాం వైపు నుంచి ఒక పాస్టరు గారు బియ్యం, దుప్పట్లు పట్టుకుని అప్పుడే మా ఊరొచ్చారు. బియ్యం కోసం మా అమ్మ మతం మారిందని ఊళ్ళో వాళ్ళు దెప్పేవారు. అందులో నిజం లేదు. ఆ బియ్యం మామ్మ ఇంట్లోనూ వండుకున్నారు, మామ్మ మారలేదు. అమ్మని పట్టుకున్నది ఆయన వేసిన ప్రశ్న. కూలిన గోడ చూసి ఆయన, "ఇది లోపలికి ఎందుకు పడలేదంటారమ్మా?" అని అడిగారు. మళ్ళీ తనే, "కనికరం అమ్మా. మీ మీద పడాల్సింది ఆయన తప్పించాడు," అన్నారు. ఆ మాట అమ్మ మనసులో దిగిపోయింది.

నాన్న ఒప్పుకోలేదు, అడ్డూ చెప్పలేదు. ఏటా అమ్మవారికి తన కోడి తాను కోసుకునేవాడు. అమ్మ కనికరం సంగతి ఎత్తితే మాత్రం నవ్వేవాడు. "ఆ గోడ పెట్టినోణ్ణి నాను. వంకరగా పెట్టినావు, బయటకి ఒరిగిపోనాదని నువ్వే కదేటి ఏళ్ళబట్టీ దెప్పినావు? నా వంకర పనే మిమ్మల్ని బతికించినాది. ఆ దణ్ణమేదో నాకే పెట్టు," అనేవాడు. అమ్మ కూడా నవ్వేది. అప్పట్లో నవ్వేది. తర్వాత నాన్న ఆ చోట ఇటికలు తెచ్చి, తాడు పట్టి, నిటారుగా కొత్త గోడ కట్టాడు.

ఊరి చివర తాటాకు పాకలో ప్రార్థన జరిగేది. పాటలయ్యాక ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్పేవారు, అంటే దేవుడు తమకి చేసిన మేలు పదిమందిలో చెప్పుకోవడం. అమ్మ ప్రతిసారీ గోడ సంగతే చెప్పేది. చివర్లో అందరూ "స్తోత్రం" అనేవారు. ఆ స్తోత్రం వినబడేంత దగ్గర్లోనే మామ్మ ఇల్లు. ఆవిడ వాకిట్లో కూర్చుని చేట చెరుగుతూ ఉండేది. ఆమె మొగుణ్ణి చంపిన గోడ గురించి ఎవరు ఏం సాక్ష్యం చెప్పాలో నాకు అర్థమయ్యేది కాదు. అమ్మని అడిగితే కసిరేది.

ఒక ఆదివారం పాస్టరు గారు కడపటి తీర్పు గురించి చెప్పారు. ఆ రోజున రాజు సింహాసనం మీద కూర్చుంటాడట. కాపరి మందని వేరు చేసినట్టు గొర్రెల్ని కుడివైపు, మేకల్ని ఎడమవైపు నిలబెడతాడట. ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టారా, దప్పికగొన్నవాడికి నీళ్ళిచ్చారా, రోగిని చూడ్డానికి వెళ్ళారా అని అడుగుతాడట. చేసినవాళ్ళు కుడికి, చెయ్యనివాళ్ళు ఎడమకి. అమ్మ ఇంటికొచ్చి నుయ్యి దగ్గర చెట్ల వైపు చాలాసేపు చూసింది. మర్నాటి నుంచి మా చెట్ల బొండాలు సంతకి వెళ్ళడం మానేశాయి. ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళకి వెళ్ళసాగాయి. దప్పిక తీర్చడం, రోగిని చూడ్డం, రెండూ ఒక్క బొండాంతో అయిపోతాయి కదా. ఎక్కి కోసేది నాన్నే. "మీ దేవుడికి సెట్టెక్కడం రాదేటి? నానే ఎక్కాలేటి?" అంటూనే ఎక్కేవాడు.

మా ఊళ్ళలో కాళ్ళు పొంగే జబ్బు పెచ్చుమీరింది ఆ రోజుల్లోనే. దిట్టంగా ఉండి నాగలి పట్టే మనుషులు ముందు నీరసం అనేవారు. తర్వాత అన్నం చేదు అనేవారు. కాళ్ళు వాచి, వేలితో నొక్కితే గుంట పడేది. ఒంట్లో వేడి, అంతే, అనేవారు పెద్దలు. వేడి చేసినవాడికి మందేమిటో మా ఊళ్ళో చంటిపిల్లకి కూడా తెలుసు. మామ్మ కొడుకు మంచాన పడ్డాడు. అమ్మ రోజూ వెళ్ళి, తల ఎత్తి పట్టుకుని, బొండాం నీళ్ళు పట్టి, ప్రార్థన చేసి వచ్చేది. అతను పోయాడు. మా వీధి చివర ఇంకొకతను పడ్డాడు. అతని భార్య అమ్మకి తోటికోడలి వరస, అక్కా అని పిలిచేది. అక్కడికీ రోజూ వెళ్ళింది. అతనూ పోయాడు. దేవుడు ఎవర్నీ లేపలేదేమని అమ్మ అడగలేదు. వెళ్ళడం తన వంతు అనుకుంది.

ఆ తర్వాత మా నాన్న. ఒకరోజు చెట్టు దిగి మొదట్లో కూర్చుండిపోయాడు, లేవలేకపోయాడు. పలాసలో డాక్టరు చూసి రెండు కిడ్నీలూ పాడయ్యాయి, విశాఖపట్నం తీసుకెళ్ళండి అన్నాడు. నాన్న ససేమిరా అన్నాడు. "ఇశాకపట్నం ఎల్లినోలు ఎవులు తిరిగొచ్చినారు? నా ఇంట్లోనే ఉంతాను," అన్నాడు. నేను అప్పటికి చదువు ఆపేసి పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో పొట్టు తీసే పనికి పోతున్నాను. సాయంత్రం బస్సు దిగి వచ్చేసరికి అమ్మ దోటి పట్టుకుని చెట్ల కింద మెడ పైకెత్తి నిలబడి కనబడేది. ఎక్కేవాడు మంచాన పడ్డాడు కదా, అందినంత మేరా తనే కోసేది. పొద్దున ఒక చెంబుడు, సాయంత్రం ఒక చెంబుడు. నాన్నకి ఇంకేదీ నోటికి సయించేది కాదు. "దీని సేతి నీళ్ళొకటే గొంతు దిగుతన్నాయి," అని నాతో అనేవాడు. అమ్మ ముఖం వెలిగిపోయేది.

ఒక పొద్దున చెంబు ఖాళీ చేసి అమ్మ చేతికిచ్చాడు. "దూడ తాడు ఊడిపోనాది, కట్టీ," అన్నాడు. తను కట్టిన ఇటిక గోడకి ఆనుకున్నాడు. అమ్మ దూడని కట్టి వచ్చేసరికి ప్రాణం లేదు.

నాన్న బాప్తిస్మం తీసుకోకుండా పోయాడు. అమ్మ దిగులంతా అదే. ఎడమవైపు నిలబెడతాడేమో, మేకల్లో కలిపేస్తాడేమో అని పాస్టరు గారిని పదేపదే అడిగేది. దేవుడి కనికరానికి వదిలెయ్యండమ్మా అనేవారాయన. అమ్మకి ఒక్కటే ఊరట. రోగిగా ఉన్నవాణ్ణి తను వదల్లేదు, దప్పిక అన్నవాడికి లేదనలేదు. కనీసం ఆ నీళ్ళు చూసైనా రాజు నాన్న మీద జాలిపడతాడని నమ్మింది. ఆ నమ్మకంతో ఒకటి రెండేళ్ళు గడిపింది.

ఆ జబ్బు సంగతి పేపర్లకెక్కాక మా ఊరి బళ్ళో మెడికల్ క్యాంపు పెట్టారు. విశాఖపట్నం నుంచి కుర్ర డాక్టరు వచ్చాడు. వరసలో మాకు ముందు కూర్చున్న ఆవిడకి కాళ్ళు పొంగి ఉన్నాయి. డాక్టరు ఆవిడకి తిండి సంగతులు చెబుతున్నాడు. "అరటిపండు వద్దు. కొబ్బరి నీళ్ళు అసలు ముట్టుకోవద్దు. వాటిలో ఉండే పొటాషియంని పాడైన కిడ్నీ బయటకి పంపలేదమ్మా. అది పెరిగితే ఉన్నట్టుండి గుండె ఆగిపోతుంది. మీ ఉద్దానంలో అందరూ చేసే పొరపాటు ఇదే," అన్నాడు.

అమ్మ నా పక్కనే ఉంది. తన వంతు రాగానే కూర్చుని చెయ్యి చాపింది. రక్తం తీస్తుంటే అడిగింది. "బాబూ, రోజూ తాగితే ఏటవుద్ది?"

"కిడ్నీ జబ్బున్నవాళ్ళు రోజూనా? విషం పట్టినట్టే," అన్నాడు డాక్టరు, సూది వైపు చూస్తూ. పాపం అతనికేం తెలుసు.

అమ్మ దూది అదుముకుని లేచింది. ఇంటికి వెళ్ళి నాన్న కూర్చునే చోట, ఇటిక గోడ కింద కూర్చుంది. తర్వాత పరీక్షల సంగతి చెప్పడానికి నర్సు వచ్చి, మీ కిడ్నీలు బంగారంలా ఉన్నాయని నవ్వుతూ చెప్పింది. అమ్మ ముఖం చెంపదెబ్బ తిన్నట్టయింది. "అందరూ తాగిన నూతి నీళ్ళే నానూ తాగినాను. అందరి గాలే పీల్చినాను. నన్నొక్కద్దాన్నే ఏల ఒదిలేసినాడు?" అంది. నర్సు బిత్తరపోయి నా వంక చూసింది.

నేను చెప్పగలిగినంత చెప్పాను. ఆ జబ్బు ఎందుకొస్తుందో డాక్టర్లకే తెలియదు, నువ్వు తెచ్చిపెట్టావా అన్నాను. నీళ్ళు తాగకపోయినా వాళ్ళు బతికేవాళ్ళు కాదన్నాను. కోప్పడ్డాను, ఏడ్చాను. అన్నీ విని, "నా సేత్తో ఇచ్చినాను గుంటా," అంది, చిన్నప్పుడు నన్ను పిలిచినట్టే.

తర్వాతి ఆదివారం సాక్ష్యం వేళ అమ్మ లేచింది. మళ్ళీ గోడ సంగతే అనుకుని అందరూ సర్దుకు కూర్చున్నారు. "జబ్బు మనుసులకి బొండాలట్టుకెళ్ళి పట్టినాను. ఆలకది ఇసమంట. నా మొగుణ్ణి నానే సంపీసినాను. ఇంకా ఇద్దరింట్లో దీపం ఆర్పీసినాను," అని కూర్చుంది. వెనక నుంచి ఎవరో అలవాటు కొద్దీ "స్తోత్రం" అన్నారు. అన్నాక నాలిక కరుచుకుని ఉంటారు. అమ్మ మాత్రం తల తిప్పి, దెబ్బ తగిలినట్టు అటు చూసింది.

అదే రోజు మా వీధి చివర తోటికోడలి ఇంటికి వెళ్ళి చెప్పింది. నేనూ వెంట ఉన్నాను. ఆమె వింటూ వింటూ ఒక్కసారిగా లేచి, "నా పసుపూ కుంకం తుడిసీసి ఇప్పుడు సెప్పడానికొచ్చినావేటి? నా గుమ్మం తొక్కితే కాళ్ళిరిగిపోతాయి, ఎల్లిపో!" అని దుమ్మెత్తి పోసింది. అమ్మ తల వంచుకుని మొత్తం విన్నది. విచిత్రమేమిటంటే ఆ మధ్యాహ్నం అమ్మ కడుపు నిండా అన్నం తిన్నది. చాలా రోజుల తర్వాత కాసేపు పడుకుంది కూడా.

సాయంత్రం మామ్మ ఇంటికి వెళ్ళింది. మామ్మ అంతా విని చేట పక్కన పెట్టింది. అమ్మ రెండు చేతులూ తీసుకుని తన కళ్ళకి అద్దుకుంది. "ఓలమ్మ, నా కోడలా. నా కొడుకు ఆకరి దినాల్లో నీ కోసమే గుమ్మం కేసి సూసేవాడు. వదిన ఒచ్చినాదా, వదిన ఒచ్చినాదా అని. ఆడి నోరు తడిపిన సెయ్యి ఇది. దీన్ని తిడితే నాకు పుట్టగతులుంతాయా?" అంది.

అమ్మ ఆ చేతుల్ని లాక్కుని ఇంటికి వచ్చేసింది. ఆ తర్వాత మూడు పూటలు మెతుకు ముట్టలేదు. తిట్టిన మనిషి దగ్గర తిన్న తిట్లు అరిగాయి గానీ ఈ దయ అమ్మకి అరగలేదు.

పాకకి వెళ్ళడం మానలేదు. కానీ రొట్టె, ద్రాక్షారసం ఇచ్చే ఆదివారం వస్తే వెనక్కి వెళ్ళి తడిక దగ్గర కూర్చునేది. ప్రభువు బల్ల అంటారు దాన్ని, అందులో చెయ్యి వెయ్యలేదు. ఏళ్ళు గడిచినా వెయ్యలేదు. పాస్టరు గారు ఒకరోజు మా ఇంటికి వచ్చారు.

"తెలియక చేశారమ్మా. మీ మనసు ఆయనకి తెలుసు. ఆయన రక్తం ఎలాంటి పాపాన్నైనా కడిగేస్తుంది," అన్నారు.

"కడిగేత్తే నాను శుబ్బరం అయిపోతాను అయ్యగారూ. మరి ఆలో? ఆలు లేచి ఒత్తారేటి?"

"మీకు శిక్ష పడాలని కోరుకుంటున్నారా అమ్మా?"

"అదే అడుగుతన్నాను. లేచినకాడినించీ అదే పారద్దన. గోడ నా మీద పడనియ్యనేదు. జబ్బు నాకు రానియ్యనేదు. ఇప్పుడు చెమించేత్తానంతాడు. ఒక్క దెబ్బైనా కొట్టమని అడిగితే ఇనబడనట్టు ఊరుకుంతాడేటి?"

పాస్టరు గారు కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. "నాకు తెలీదమ్మా," అన్నారు చివరికి. ప్రార్థన చేస్తానని కళ్ళు మూసుకున్నారు గానీ, మొదలుపెట్టకుండానే లేచి చెప్పులేసుకున్నారు. గోడ చూసి ప్రశ్న వేసినప్పుడు ఎంత ధీమాగా ఉన్నారో ఆయన! నాకు ఆయన మీద ఎప్పుడూ గుర్రుగా ఉండేది. ఆ రోజు జాలేసింది.

రెండువేల పదో సంవత్సరం రాకముందే అమ్మకి జ్వరం వచ్చింది, వదల్లేదు. టెక్కలి ఆసుపత్రిలో చేర్చాను. అన్ని పరీక్షలూ చేసి డాక్టరు, మనిషి బాగా ఎండిపోయింది, ద్రవాలు పట్టించండి అన్నాడు. "కిడ్నీలు బాగున్నాయి, భయం లేదు. కొబ్బరి నీళ్ళు బాగా పట్టండి," అన్నాడు. నాకు అక్కడే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఆగక వరండాలోకి వెళ్ళి చెంగు నోట్లో కుక్కుకున్నాను.

అమ్మ కొబ్బరి నీళ్ళకి నోరు తెరవలేదు. మామూలు నీళ్ళు ఒక గుక్క తాగేది, అంతే. సెలైను గుచ్చితే పీకేసేది. ఇంటికి పోదామని పట్టుబడితే తీసుకొచ్చేశాను. మామ్మ కబురు విని, వంగిపోయిన నడుముతో, బొండాం చంకన పెట్టుకుని వచ్చింది. తనే కొట్టింది.

"కోడలా, నోరు తెరు. నా కొడుక్కి నువ్వు పట్టినావు. నీకు నాను పడతన్నాను. తాగమ్మ."

అమ్మ పళ్ళు బిగించింది. నీళ్ళు పెదాల మీంచి మెడ మీదకి కారిపోయాయి. మామ్మ చెంగుతో తుడిచి మళ్ళీ పట్టింది. మళ్ళీ కారిపోయాయి. నాకు పిచ్చికోపం వచ్చింది. "అమ్మా, నువ్విలా చస్తే ఆయన ఊరుకుంటాడా? కుడివైపుకి రమ్మని పిలిస్తే ఏం చేస్తావు?" అని అరిచాను.

అప్పుడు మాట్లాడింది. గొంతు సన్నగా ఉన్నా మాట తేటగానే ఉంది.

"పిలిత్తే పిలవనీ. నాను ఎల్లను. మీ నాన్న మేకల వైపున్నాడు. అత్త కొడుకూ అటే. నా సేతి నీళ్ళు తాగినోలందరూ అటే ఉన్నారు. నానొక్కద్దాన్ని ఇటేపు ఎలా నిలబడతాను గుంటా?"

నాన్న కట్టిన గోడ వైపు తిరిగి పడుకుంది. ఇక ఇటు తిరగలేదు. మర్నాడు పొద్దున్నే పోయింది.

జీడితోట అంచున, ఇసుకలో పాతిపెట్టాం. పాస్టరు గారు ప్రార్థన చేశారు, మా సహోదరి ఆయన కనికరంలో నిద్రించింది అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. నేను అనలేదు. అందరూ వెళ్ళిపోయాక మామ్మ ముందుకొచ్చింది. ప్రార్థన ఎలా చెయ్యాలో ఆవిడకి తెలియదు. అమ్మవారికి పెట్టినట్టే రెండు చేతులూ నెత్తి మీద జోడించింది.

"ఓ బాబూ, ఏసుబాబూ. ఇది మొండిది. పిలిత్తే రాదు. దీని మాట ఇనకు. రెక్క పట్టుకుని లాగీ," అంది.

ఆవిడ మాట ఆయన విన్నాడో లేదో నాకు తెలియదు. మా అమ్మ సంగతి మాత్రం తెలుసు. లాగినా వెళ్ళి ఉండదు.